రిబ్బను

దేవరకొండ తాసిల్దారాఫీసు గేటుకెదురుంగ
మా జిరాక్సు దుకాణంల
నిన్న పొద్దుమూకినంక పాతది తీసేసి
కొత్త సాఫ్టువేరు ఎక్కించిపోయిండు గౌసు.
"అంతా గదే మణెక్కా, జర వేరే, గంతే" అన్నడు
చాయ్ గ్లాసు సీపీయూ మీద పెట్టి.
కొనుడు కాదంట, ఏడాదికింత కిరాయంట.
మడిగెకు కిరాయి, జిరాక్సు మిషనుకు కిరాయి,
ఇగ అక్షరాలకు గూడ.

పొద్దుగాల తెరిస్తే
ఇల్లు మారిన్నాడు ఉప్పు డబ్బా దొరకనట్టు
ప్రింటు దొరకలే.
ఫైలు అని ఉన్నకాడ ఒత్తితే
కాయితం మొత్తం మాయమై
నీలం గోడొకటి అడ్డమొచ్చింది.
ఎనుకకు ఎట్ల రావాల్నో తెల్వక
కరెంటన్న పోతే బాగుండనుకున్న.
అవుసరమున్ననాడు అది పోదు గద.

పైన ఈ బొమ్మల పట్టీని రిబ్బను అంటరంట.
నవ్వొచ్చింది.
నాకెరుకున్న రిబ్బను వేరే.
లోయరు పరీక్షకు నల్లగొండకు పొయ్యిన ఏడు
టైపు మిషన్ల సగం నలుపు సగం ఎరుపు,
రెండు చక్రాల నడుమ అటు తిరిగి ఇటు తిరిగి
అరిగిపొయ్యేదాకా అదే బట్ట.
దాన్ని మార్చిన దినం
పప్పుల కలిపిన బువ్వ గూడ నల్లగయ్యేది.

ఈ రిబ్బనుకు మసి లేదు.
ఏలుకు ఏమంటదు.
ఏమంటకపోయేసరికి
పని చేసినట్టే అనిపిస్తలేదు.

చెప్పకుండనే అన్నీ దానంతటదే దాసుకుంటదంట.
మంచిదే.
నేను కొట్టేసిన మాటలు గూడ దాస్తదా అనడిగిన.
గౌసు ఫోన్ల "ఎరుకలేదక్కా" అన్నడు.

పదకొండుకు రమావత్ సోమ్లి వచ్చింది,
తండా నుంచి రెండాటోలు మారి.
పాసుబుక్కుల పేరు తప్పు పడ్డది,
ఇది ఆరో దరఖాస్తు.
"పోయినసారిది ఉన్నది గద బిడ్డా, తారీకు మార్చు."
ఉన్నది.
తెరిసిన.
తెలుగు లేదు.
డాలరు గుర్తులు, కొక్కాలు, చుక్కలు,
నడుమ తలకట్టు ఊడిన గుడి ఒకటి,
కోళ్ళు గెలికిన గింజల తీరు.
పాత లిపి దీనికి చదువరాదంట.
పదకొండేండ్ల కాయితాలు తెరిసి తెరిసి చూసిన.
బోరెండినోళ్ళవి, పింఛను ఆగినోళ్ళవి,
గట్టు జరిపిన పాలోని మీద కోపంతోని
వాకిట్ల నిలవడి చెప్పి రాయించినవి,
అన్ని ఏడ్పులూ ఒక్క తీరుగనే ఉన్నయి.

నా చెయ్యి ఆగుడు చూసి
సోమ్లి తెరలకు తొంగి చూసింది.
"నాకైతే ఎప్పుడు గిట్లనే కనిపిస్తది" అన్నది.

మళ్ళ మొదటిసంది కొట్టిన.
"గౌరవనీయులైన" కాడ ఏమనలే.
"మనవి" కాడ ఏమనలే.
సోమ్లి కాడికి రాంగనే
కింద ఎర్రగ పురుగు పాకినట్టు గీత.
తండా పేరు కింద, పెనిమిటి పేరు కింద,
ఆమె చెప్పిన ప్రతి సొంత మాట కింద.
ఎలుక కుడిచెవి పిండితే
సోమరి అనా మీరు అనేది, అనడుగుతున్నది.

నాలుగ్గంటలకు లేసి రొట్టెలు చేసి
మూడెకరాల పత్తి ఒక్కతే ఏరే మనిషి
నా ఎదురుంగ స్టూలు మీద
సంచి ఒళ్ళె పెట్టుకొని కూసున్నది.
అది ఏమడిగిందో ఆమెకు చెప్పలే.
ఈ మాట నేర్చుకో, అన్న బటను ఒత్తిన.
గీత పోయింది.

"అయిపాయెనా? పేరు సక్కగైందా?"
"దీంట్లైతే అయింది."

ప్రింటు యాడున్నదో గప్పుడు దొరికింది.
ఏడేడిగ కాయితం వచ్చింది.
బీరువ మీది ఇంకు డబ్బ దింపిన,
ఎడమ బొటనేలు ఒత్తి
సంతకం కాడ పెట్టింది.
ఇరవై రూపాయలు టేబులు మీద ఉంచి
ఆ నల్లని ఏలు నెత్తి ఎంటికలకు తుడుసుకుంట
గేటు దిక్కు పోయింది.

టేబులు అంచుకు
కొంచెం అంటింది, తుడువలే.
పక్కన గుమ్మడవెల్లి సంతకం ఒకటి రావాల్నని
ఇంకో ముసలాయన నిలవడ్డడు.
ఆయన ఊరి కింద గూడ ఎర్రగీతే.